ఇండస్ట్రియల్ డిజైన్ పిల్లలకి బిజినెస్ మోడల్ ఎలా చెప్పాలి? గళ్ళు నింపించడం తప్ప వేరే దారి ఉందా?

స్కెచ్‌బుక్:

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఒక డిజైన్ కాలేజీలో పార్ట్‌టైమ్‌గా క్లాసులు చెప్తుంటాను. ఇండస్ట్రియల్ డిజైన్ వాళ్ళకి మూడో ఏడాది చివర్లో "బిజినెస్ మోడల్ డిజైన్" అని ఒక పేపర్ ఉంది, అది చెప్పే ఆవిడ వేరే ఊరు వెళ్ళిపోవడంతో ఈసారి నాకు అంటగట్టారు. నేను చదివింది ప్రొడక్ట్ డిజైనే, ఇంటి సామాన్లు చేసే కంపెనీలో కొన్నేళ్ళు పనిచేశాను కాబట్టి రేట్లూ డీలర్లూ అంటే బొత్తిగా తెలియనివాణ్ణి కాదు. కానీ తెలియడం వేరు, ఇరవై ఏళ్ళ పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పడం వేరు.

పోయిన బ్యాచ్‌ల షీట్లు బీరువాలో ఉంటే తీసి చూశాను. ఆస్టర్‌వాల్డర్, పిన్యూర్‌ల తొమ్మిది గళ్ళ కాన్వాస్ ఉంది కదా, వ్యాపారం మొత్తాన్ని ఒకే కాగితం మీద కస్టమర్, ఆదాయం, ఛానెల్ లాంటి గళ్ళలో రాసే షీటు, అందరూ అదే నింపారు. వస్తువు ఏదైనా సరే, ఒకరిది వీల్‌చెయిర్, ఇంకొకరిది కూరగాయల తోపుడుబండి, మరొకరిది పిల్లల నెబ్యులైజర్, కస్టమర్ గడిలో మాత్రం "మధ్యతరగతి, 25–40 ఏళ్ళు", ఆదాయం గడిలో "సబ్‌స్క్రిప్షన్", ఛానెల్ గడిలో "ఇన్‌స్టాగ్రామ్, సొంత వెబ్‌సైట్", పార్ట్‌నర్ల గడిలో "ఎన్జీవోలు, ప్రభుత్వం". తోపుడుబండి ఆయన నెలనెలా సబ్‌స్క్రిప్షన్ ఎవరికి కడతాడు, ఎందుకు కడతాడు అని ఎవరూ అడిగినట్టు లేదు. స్టికీ నోట్లు మాత్రం చక్కగా వరసగా అతికించారు, మన పిల్లలు కదా, అలైన్‌మెంట్‌లో వంక పెట్టలేం.

నన్ను ఇబ్బంది పెడుతున్న సంగతి ఇంకొకటి ఉంది. ఆ షీటు నింపాక ఒక్కరి వస్తువులోనూ ఒక్క గీత మారలేదు. ముందే మోడల్ అయిపోయింది, రెండరింగ్ అయిపోయింది, జ్యూరీకి (మార్కులేసే ప్యానెల్‌కి) వారం ముందు ఈ కాగితం జతచేశారు, అంతే. అలాంటప్పుడు ఈ పేపర్ డిజైన్ కోర్సులో ఎందుకుండాలి?

అడుగుతున్నది ఏంటంటే, ఎక్కడ మొదలుపెట్టాలి, లెక్కలు ఎంతవరకు నేర్పాలి (మా వాళ్ళలో సగం మంది లెక్కలు తప్పించుకోవడానికే డిజైన్‌కి వచ్చారు, మొహమాటం లేకుండా చెప్పారు కూడా), చివర మార్కులు దేనికివ్వాలి. వారానికి ఒక పూట క్లాసు. ఊళ్ళోనే ఎక్కడికైనా తీసుకెళ్ళే వీలుంది. ఇండస్ట్రీలో ఉన్నవాళ్ళు కూడా చెప్పండి, టీచర్లే చెప్పాలని లేదు.

బాలానగర్_డై:

సార్, నేను డిప్లొమా చేసినవాణ్ణి, ప్లాస్టిక్ వస్తువులు పోతపోసే అచ్చులు, అంటే డైలు, చేసే షెడ్డు ఉంది. మీ కాలేజీ లాంటి చోట్ల నుంచి పిల్లలు ఫైళ్ళు పట్టుకుని మా దగ్గరికి వస్తూనే ఉంటారు. చాలా బాగా గీస్తారు, అందులో అబద్ధం లేదు. కానీ "ఎన్ని పీసులు?" అని అడిగితే మొహాలు చూసుకుంటారు. అది తెలియకుండా నేను డై అల్యూమినియంలో చేయాలా, స్టీల్‌లో చేయాలా, సింగిల్ కావిటీనా (ఒక్కసారికి ఒక్క పీసే), నాలుగు కావిటీలా, ఏం చెప్పాలి? ఎన్ని పీసులు అనేది మార్కెటింగ్ ప్రశ్న అనుకుంటారు. నాకైతే అది డ్రాయింగ్‌లో మొదటి కొలత.

లెక్కలు ఎంతవరకు అన్నారు కదా. కూడికలు, తీసివేతలు, భాగహారం. అంతకంటే అక్కర్లేదు. కానీ ఎంఆర్‌పీ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి. పిల్లలు ఎప్పుడూ ముందు నుంచి పోతారు, మెటీరియల్ ఇంత, లేబర్ ఇంత, దాని మీద ముప్పై శాతం లాభం, అదే రేటు అని. అలా వచ్చిన రేటుకు కొనేవాడు ఉండడు.

ఊరికే ఒక లెక్క చెప్తాను, నంబర్లు అర్థం కావడానికి వేసుకున్నవి, మీ వస్తువుకి మీరు కనుక్కోండి. ఎంఆర్‌పీ 1,180 అనుకుందాం. మన దగ్గర ఎంఆర్‌పీ అంటే అన్ని పన్నులతో కలిపే కాబట్టి 18 శాతం జీఎస్టీ తీస్తే 1,000. షాపువాడు 250 ఉంచుకుంటాడు, 750. డిస్ట్రిబ్యూటర్‌కి 75, మిగిలింది 675. లారీ, అట్టపెట్టె, దారిలో పగిలినవి, వారంటీలో వెనక్కొచ్చినవి అన్నీ కలిపి ఇంకో 75, మిగిలింది 600. ఆఫీసు కిరాయి, జీతాలు, ప్రచారం 150 పోతే 450. కంపెనీకి ఒక 100 మిగలాలి కదా. అంటే ఆ వస్తువు ఫ్యాక్టరీ గేటు దాటేసరికి 350లో అయిపోవాలి. 1,180 వస్తువు, చేతిలో ఉన్నది 350.

ఇప్పుడు డైలకి పది లక్షలు అయిందనుకోండి. 5,000 పీసులే అమ్మితే పీసుకి 200 డైకే పోయింది, ఇంక 150లో దానా (ప్లాస్టిక్ గుళికలు), మోటారు, వైరు, స్క్రూలు, అసెంబ్లీ అన్నీ కానియ్యాలి. కాదు. అదే 50,000 పీసులైతే డైకి పడేది 20. వస్తువు అదే, గీత అదే, కానీ మొదటి లెక్కలో అది పుట్టదు, రెండో లెక్కలో పుడుతుంది. 5,000 మాత్రమే అమ్ముడుపోతుందని నిజాయితీగా తేలితే అప్పుడు డిజైన్ మార్చుకోవాలి, డై లేకుండా షీట్ మెటల్ వంచి చేయొచ్చా, బజారులో దొరికే రెడీమేడ్ బాక్సులో ఇమిడ్చవచ్చా, ఎడమ భాగం కుడి భాగం ఒకే డైలో వచ్చేలా గీయొచ్చా అని. ఈ పని ఎంబీఏ చేసినవాడు చేయలేడు సార్, గీసేవాడే చేయాలి.

ఇంకొకటి, ఉద్దెర. దానా షాపువాడు మాకు ఎక్కువ రోజులు ఉద్దెర ఇయ్యడు, డీలరు మాత్రం రెండు నెలలకు గానీ పైసలు తియ్యడు. ఈ మధ్యలో ఎవరి డబ్బు తిరుగుతుంది? లాభం ఉన్న వస్తువు చేస్తూ కూడా షట్టర్ దించేసిన వాళ్ళు మా లైన్‌లో ఉన్నారు. మీ తొమ్మిది గళ్ళలో దీనికి గడి ఉందా?

ఒక_మాట:

ఏమనుకోకండి కానీ డిజైనర్‌కి ఇదంతా ఎందుకు? ఎంబీఏ వాళ్ళు దేనికున్నారు మరి. మూడో ఏడాదిలోనే మార్జిన్లు, ఉద్దెరలు నూరిపోస్తే పిల్లలు చిన్న ఊహలే చేస్తారు. కొత్తది ఊహించే వయసులో "350లో అవుతుందా" అని భయపెడితే చివరికి అందరూ మగ్గులు, మొబైల్ స్టాండ్లు చేస్తారు. నా అభిప్రాయం, అంతే.

పాతబడిన_ప్రొఫెసర్:

పైన "ఒక మాట" గారు అన్నదాంట్లో నిజం లేకపోలేదు, లెక్క ముందే చెప్తే పిల్లలు ముడుచుకుపోతారు, అది నేనూ చూశాను. కానీ దానికి మందు లెక్క చెప్పకపోవడం కాదు, డబ్బు వచ్చే దారిని కూడా ఊహించమనడం. వస్తువు రేటు భరించలేనంత ఉంటే ఇంజనీరు తగ్గించే దారి చూస్తాడు, అమ్మేవాడు వాయిదాలు పెడతాడు, డిజైనర్ అయితే "అసలు దీన్ని అమ్మాలా?" అని అడగగలగాలి.

దీనికి నేను క్లాసులో ఎప్పుడూ చెప్పేది జిరాక్స్ 914 మెషిన్ కథ. 1959లో బయటికొచ్చింది, 9 అంగుళాలు బై 14 అంగుళాల కాగితం దాకా కాపీ తీస్తుంది కాబట్టి ఆ పేరు. దాదాపు 300 కిలోల బరువు. అప్పట్లో ఉన్న కాపీ మెషిన్లు చవక, వాటికి వాడే ప్రత్యేకమైన కాగితం ఖరీదు. ఇదేమో మామూలు కాగితం మీదే తీస్తుంది, కానీ మెషిన్ చాలా ఖరీదు. ఆ మెషిన్ చేసిన కంపెనీవాళ్ళు భాగస్వామి కోసం పెద్ద పెద్ద కంపెనీల చుట్టూ తిరిగితే అందరూ వద్దన్నారు, ఎందుకంటే వాళ్ళు "ఇంత పెట్టి ఎవడు కొంటాడు" అని చూశారు, అప్పటి ఆఫీసుల్లో రోజుకి ఇరవై కాపీలు తీస్తే ఎక్కువ. అప్పుడు వీళ్ళు అమ్మడం మానేసి నెలకి 95 డాలర్ల కిరాయికి ఇచ్చారు, అందులోనే 2,000 కాపీలు ఉచితం, ఆ పైన కాపీకి 4 సెంట్లు. రిపేర్లు కంపెనీవే. వద్దనుకుంటే తిరిగి ఇచ్చేయొచ్చు. ఆఫీసులు తీసుకున్నాయి, తీసుకున్నాక కాపీలు తియ్యడం ఆపలేదు.

ఇక్కడిదాకా అందరూ చెప్తారు, మేనేజ్‌మెంట్ క్లాసుల్లో కథ ఇక్కడే ఆగిపోతుంది. డిజైన్ క్లాసులో అసలు పాఠం ఇక్కడ మొదలవ్వాలి. కాపీకి ఇంత అని తీసుకుంటే మెషిన్‌లో ఏం ఉండాలి? కాపీలు లెక్కపెట్టే మీటర్ ఉండాలి, అది ఎవరూ వెనక్కి తిప్పలేనట్టు ఉండాలి. రిపేరు ఖర్చు మనదైతే కవర్లు ఎలా తెరుచుకోవాలి, మెకానిక్ నిలబడి చేస్తాడా, కింద కూర్చుని చేస్తాడా? ఎంత ఎక్కువ కాపీ తీస్తే మనకంత లాభం కాబట్టి, ట్రైనింగ్ లేని గుమాస్తా కూడా ఒక్క బటన్ నొక్కి తీయగలగాలి. (ఆ మెషిన్‌లో అప్పుడప్పుడు కాగితం అంటుకునేదట, కంపెనీ దానితో పాటు చిన్న మంటలార్పే సిలిండర్ కూడా ఇచ్చేది, దానికి ఒక గౌరవమైన పేరు పెట్టి మరీ. పిల్లలు ఈ ముక్క మాత్రం మర్చిపోరు.)

ఇంకో కథ గురించి జాగ్రత్త. జిల్లెట్ రేజర్ పిడి చవకగా ఇచ్చి బ్లేడ్ల మీద సంపాదించాడని అందరూ చెప్పేస్తారు. 1904లో వచ్చిన పేటెంట్లు ఉన్నంతకాలం ఆయన ఆ సెట్టుని 5 డాలర్లకు అమ్మాడు, ఆ రోజుల్లో అది ఖరీదైన వస్తువు కింద లెక్క. 1921లో పేటెంట్లు అయిపోయి పోటీ వచ్చాకే పిడి చవక చేశారు. "మొదటిది చవకగా ఇచ్చెయ్, తర్వాత రాబట్టు" అనే మంత్రం పిల్లలు పట్టుకోకుండా ఉండాలంటే ఈ తేదీలు చెప్పాలి, ఎందుకంటే మన బ్లేడు ఇంకొకరు చేయకుండా ఆపగలిగితేనే ఆ మోడల్ నిలబడుతుంది.

స్కెచ్‌బుక్ గారూ, మీ ప్రశ్నకి సూటిగా జవాబు. ఒకే వస్తువు తీసుకోండి. దాని డబ్బు దారి మూడు రకాలుగా మార్చండి. మూడుసార్లూ వస్తువు మళ్ళీ గీయించండి. మార్కులు ఆ మూడు డ్రాయింగుల మధ్య తేడాకి, ఆ తేడాకి వాళ్ళు చెప్పిన కారణానికి. డబ్బు దారి మారినా గీత మారలేదంటే ఏమీ నేర్చుకోలేదన్నట్టే.

నేను ఎయిర్ కూలర్ ఇస్తాను. మన ఊళ్ళో అందరికీ తెలిసిన వస్తువు, ఇక్కడే తయారవుతుంది, విప్పి చూడటం తేలిక.

మొదటిది, మామూలుగా షాపులో అమ్మడం. కొనేవాడు షాపులో రెండు నిమిషాలు చూసి తీసుకుంటాడు, కాబట్టి రంగు, సైజు, గాలి మొహానికి కొట్టడం, ఇవే అమ్ముతాయి. తయారీ చలికాలంలో మొదలవ్వాలి, అమ్మకం ఎండల్లో. మేలో వానలు ముందే పడితే మిగిలిన సరుకు పైన పెట్టిన డబ్బంతా వచ్చే ఏడు దాకా గోడౌన్‌లో కూర్చుంటుంది. లారీలో అయినా గోడౌన్‌లో అయినా మనం మోసేది, దాచేది ఎక్కువ భాగం గాలే. మరి బాడీ విడి ప్యానెళ్ళుగా వచ్చి షాపులో బిగించుకునేలా గీస్తే? ఒకదాంట్లో ఒకటి దూరేలా చేస్తే? అలా చేస్తే నీళ్ళు కారకుండా జాయింట్ ఎలా? ఇది పూర్తిగా డిజైన్ సమస్యే, పుట్టింది మాత్రం డబ్బు నుంచి.

రెండోది, సీజన్‌కి కిరాయికి ఇవ్వడం. ఇప్పుడు వస్తువు మనది, వాడేది ఇంకొకరు. రంగు ఎవడికీ పట్టదు. పంపు, ప్యాడ్లు కిరాయి ఇంట్లోనే, స్క్రూడ్రైవర్ లేకుండా మార్చేలా ఉండాలి, కానీ మోటారు మాత్రం ఎవరూ విప్పుకుపోకుండా ఉండాలి, ఈ రెండూ ఒకే బాడీలో. రెండో అంతస్తుకి ఇద్దరు కుర్రాళ్ళు మోస్తారు కాబట్టి పట్టుకునే చోటు కావాలి. ఎండాకాలం పోయాక నెలల తరబడి ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంచాలి.

మూడోది నాకు ఇష్టమైనది, అమీర్‌పేట, ఎస్సార్‌నగర్ హాస్టళ్ళు. కొనేది హాస్టల్ ఓనరు. గాలి కావాల్సింది మంచానికొకడు చొప్పున పడుకున్న కోచింగ్ కుర్రాళ్ళకి. నీళ్ళు పోయాల్సింది ఎవరు? ఎవరూ పోయరు, కాబట్టి పైపు కనెక్షన్, ఫ్లోట్ వాల్వ్. కరెంటు బిల్లు ఎవరిది? ఓనరుదే. అందుకని కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీ మోటారుకి ఎక్కువ పెట్టడానికి అతనికి కారణం ఉంది. అదే కిరాయి మోడల్‌లో కరెంటు బిల్లు కట్టేది కిరాయికి తీసుకున్నవాడు, మోటారుకి పెట్టుబడి పెట్టాల్సింది కూలర్ యజమాని, అతనెందుకు పెడతాడు? మోటారు ఎంపిక టెక్నికల్ నిర్ణయం అనుకుంటారు పిల్లలు. బిల్లు ఎవరి జేబులోంచి పోతుందో చూసి ఎంచుకోవాలి దాన్ని.

స్కెచ్‌బుక్:

కూలర్ ఐడియా రేపే వాడేసుకుంటున్నాను, ముందే థాంక్స్. బాలానగర్ గారి వెనక్కి లెక్క బోర్డు మీద రాసి పెట్టేస్తాను, 1,180 నుంచి 350 దాకా. రెండు సందేహాలు. ఒకటి, నెబ్యులైజర్ టైపు మెడికల్ ప్రాజెక్టులు మా దగ్గర చాలా వస్తాయి, వాటికి ఎంఆర్‌పీ, షాపు, డీలరు అన్న లెక్క అతకదు కదా? రెండు, పిల్లల్ని బజారుకి పంపిస్తే ఏం అడగాలో తెలియక "ఇది మీరు కొంటారా అంకుల్" అని అడిగొస్తారు, ఆయన కూడా పిల్లలు కదా అని "తప్పకుండా అమ్మా" అంటాడు, దాన్ని తెచ్చి రీసెర్చ్ అంటారు.

ఆటోక్లేవ్:

మెడికల్ గురించి నేను చెప్తాను, హార్డ్‌వేర్ స్టార్టప్‌లో డివైస్‌ల డిజైన్ చేస్తున్నాను, చదివింది ఇండస్ట్రియల్ డిజైనే.

హాస్పిటల్ వస్తువులో "యూజర్" అని ఒకరు ఉండరు. చేత్తో పట్టుకునేది నర్సు. ఇదే కావాలనేది డాక్టరు. ఆర్డర్ పెట్టేది పర్చేజ్ ఆఫీసు. డబ్బు పేషెంటుది, లేదా ఇన్సూరెన్స్‌ది, లేదా ప్రభుత్వ స్కీమ్‌ది. కాలేజీలో మేం నర్సునీ పేషెంటునీ మాత్రమే ఇంటర్వ్యూ చేసేవాళ్ళం, పర్చేజ్ ఆఫీసర్ దగ్గరికి వెళ్ళాలని ఎవరికీ తట్టేది కాదు. ప్రభుత్వ టెండర్ అయితే స్పెసిఫికేషన్‌కి సరిపోయిన వాళ్ళలో తక్కువ కోట్ చేసినవాడికి పోతుంది, అక్కడ మీ అందమైన పిడికి విలువ కట్టేవాడు లేడు. ఆ పిడి వల్ల నర్సుకి మణికట్టు నొప్పి తగ్గుతుందంటే, ఆ లాభం స్పెసిఫికేషన్‌లో ఒక లైనుగా ఎలా వస్తుందో ఆలోచించడం కూడా మీ పనే.

ఒకసారి వాడి పారేసేదా, మళ్ళీ మళ్ళీ వాడేదా అన్నది ఇంకో ఉదాహరణ. పిల్లలకి ఇది పర్యావరణం ప్రశ్నలా కనిపిస్తుంది. డబ్బు వైపు నుంచి చూడండి. పారేసేదైతే ప్రతి పేషెంటుకీ ఒక అమ్మకం, కానీ పీసు చాలా చవకగా ఉండాలి. మళ్ళీ వాడేదైతే ఒకేసారి ఎక్కువ రేటు, తర్వాత ఏళ్ళ తరబడి అమ్మకం లేదు, ఆటోక్లేవ్‌లో, అంటే క్రిములు చంపే మెషిన్‌లో, 121 డిగ్రీల ఆవిరిలో మళ్ళీ మళ్ళీ ఉడకాలి. మామూలు ఏబీఎస్ ప్లాస్టిక్ ఆ వేడికి వంకర పోతుంది, వేరే ప్లాస్టిక్ కావాలి, అంటే రేటు మారింది, గోడ మందం మారింది, స్నాప్ ఫిట్‌లు (నొక్కితే బిగుసుకునే జాయింట్లు) మారాయి, నీళ్ళు నిలిచే మూలలు ఉండకూడదు. ఒక్క వ్యాపార నిర్ణయానికి సీఎంఎఫ్ బోర్డు (రంగు, మెటీరియల్, ఫినిష్‌ల ఎంపిక) మొత్తం తిరగరాయాల్సి వచ్చింది.

ల్యాబుల్లో బ్లడ్ టెస్ట్ మెషిన్లు ఉంటాయి కదా, చాలా చోట్ల మెషిన్‌కి డబ్బు తీసుకోరు, నెలకి ఇన్ని రీఏజెంట్లు (టెస్టుకి వాడే రసాయనాలు) మా దగ్గరే కొనాలి అని ఒప్పందం ఉంటుంది. ప్రొఫెసర్ గారు చెప్పిన బ్లేడు లెక్కే. దాంతో వేరే కంపెనీ సీసా పట్టకుండా గాడి పెట్టాలి, బార్‌కోడ్ పెట్టాలి. ఆ గాడి గీసేది డిజైనరే. ఇది న్యాయమా అని క్లాసులో తప్పకుండా మాట్లాడించండి, జవాబు మీరు చెప్పకండి, పేషెంటు కట్టే టెస్ట్ రేటు ఏమవుతుందో వాళ్ళనే లెక్కేయమనండి.

డబ్బు దారి అంటే పిండుకోవడం ఒక్కటే కాదని చూపించడానికి మన బంజారాహిల్స్‌లోనే ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. 1987 నుంచి నడుస్తోంది, కట్టగలిగినవాళ్ళు కట్టిన డబ్బుతో కట్టలేనివాళ్ళకి ఉచితంగా వైద్యం. వైద్యం అందరికీ ఒకటే, గది సౌకర్యాల్లో తేడా. అంటే దేనికి ఎక్కువ తీసుకోవచ్చు, దేనికి తీసుకోకూడదు అని గీత గీశారు. ఇలాంటి గీత మీ పిల్లల నెబ్యులైజర్‌లో ఎక్కడ పడుతుంది? మాస్కులోనా, మోటారులోనా, బ్యాగులోనా? "ఎన్జీవోలు, ప్రభుత్వం" అని స్టికీ నోట్ అతికించే బదులు ఇది అడిగితే నయం.

ఒక చిన్న మాట, కాన్వాస్‌ని అంతగా తిట్టకండి. ఆస్టర్‌వాల్డర్ 2004లో లొసాన్ యూనివర్సిటీలో చేసిన పీహెచ్‌డీ పనిలోంచి వచ్చింది అది, వ్యాపారంలోని ముక్కలు ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉన్నాయో చూపించడానికి. మా ఆఫీసులో ఇప్పటికీ వాడతాం, పని సగం అయ్యాక, ఇంజనీరూ అమ్మేవాడూ ఒకే బోర్డు ముందు నిలబడి కొట్టుకోవడానికి. ఖాళీ షీటు మొదటి రోజే చేతికిస్తే మాత్రం అది దరఖాస్తు ఫారమ్ అయిపోతుంది. పైగా అందులో పోటీదారుకి గడి లేదు, బాలానగర్ గారు అడిగిన ఉద్దెరకీ లేదు.

బాలానగర్_డై:

బజారులో ఏం అడగాలి అన్నదానికి నేను చెప్తా. "కొంటారా" అని అడగొద్దు. అయిపోయిన సంగతులే అడగాలి. పోయిన సీజన్‌లో ఏ మోడల్ ఎక్కువ వెనక్కి వచ్చింది, ఏం విరిగి వచ్చింది? కంపెనీవాడు తీసుకున్నాడా, నెత్తిన పడిందా? ఏ పెట్టె పైన పెడతారు, ఏది లోపల పెడతారు, ఎందుకు? స్పేర్ అడిగితే ఎన్ని రోజులకు వస్తుంది? కంపెనీకి పైసలు ఎప్పుడిస్తారని మాత్రం షాపులో గిరాకీ ఉన్నప్పుడు అడగొద్దు, తిట్టి పంపిస్తారు. మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు, చాయ్ తాగేటప్పుడు అడిగితే అన్నీ చెప్తారు.

సామాన్లకి బేగంబజార్, మోటార్లూ పంపులూ హార్డ్‌వేర్‌కి రాణీగంజ్, ప్లాస్టిక్ మౌల్డింగ్ చూడాలంటే కాటేదాన్. ఒక గ్రూపుని సీజన్ అయిపోయాక కూలర్ షాపులకు పంపండి, మిగిలిపోయిన సరుకు చూస్తే ప్రొఫెసర్ సార్ చెప్పిందంతా కళ్ళకు కనబడుతుంది. ప్రోటోటైప్ చేయించుకోవడానికి రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది, మంచి మెషిన్లున్నాయి, కానీ అక్కడ ఒక పీసు చేసిన ఖర్చుని పట్టుకొచ్చి ఇదే మా కాస్టింగ్ అని రాయనియ్యకండి. ఒక పీసు ఖర్చు వేరు, పదివేల పీసుల్లో ఒక పీసు ఖర్చు వేరు.

ఒక_మాట:

కూలర్ చదివాక నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నా. పూర్తిగా కాదు. మొదటి ఏడాది, రెండో ఏడాదిలో ఇది పెట్టకండి, మూడో ఏడాది చివర అన్నారు కాబట్టి సరే. ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. డిజైనర్ తన పనిని ఎలా అమ్ముకోవాలన్నది కూడా బిజినెస్ మోడలే కదా? గంటకింత ఫీజా, పీసుకింత రాయల్టీనా, కంపెనీలో వాటానా? మా తమ్ముడు ఫ్రీలాన్స్ చేస్తాడు, ఫీజు తీసుకుని ఫైల్ ఇచ్చేశాడు, ఆ వస్తువు ఇప్పుడు అన్ని షాపుల్లో ఉంది, వాడికి అదనంగా ఒక్క రూపాయి రాలేదు.

పాతబడిన_ప్రొఫెసర్:

మంచి ప్రశ్న, దీనికి ఒక పూట క్లాసు పూర్తిగా ఇవ్వొచ్చు. బాలానగర్ గారి లెక్కలోనే రాయల్టీని పెట్టి చూడమనండి. ఫ్యాక్టరీ రేటు మీద రెండు శాతమా, ఎంఆర్‌పీ మీద రెండు శాతమా? 350 మీద అయితే పీసుకి 7 రూపాయలు, 1,180 మీద అయితే 23 రూపాయల 60 పైసలు. ఒప్పందంలో ఒక్క మాట తేడా. ఏ కంపెనీ అయినా మొదటిదే రాస్తుంది. 5,000 పీసులు మాత్రమే అమ్ముడయ్యే వస్తువుకి రాయల్టీ కంటే ఫీజు నయం, ఎక్కువ పోతుందన్న నమ్మకం ఉంటే తక్కువ ఫీజు, మిగతాది రాయల్టీ. ఆకారం మనదని చెప్పుకోవాలంటే డిజైన్స్ చట్టం, 2000 కింద రిజిస్టర్ చేయించాలి, పదేళ్ళు ఉంటుంది, ఇంకో ఐదేళ్ళు పొడిగించుకోవచ్చు. అయితే బయట పెట్టకముందే దరఖాస్తు చేయాలి. మన పిల్లలు జ్యూరీ అయిన రాత్రే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేస్తారు, దాంతో కొత్తదనం పోయినట్టే. ఇది మొదటి క్లాసులోనే చెప్పండి.

మార్కుల గురించి ఒక ముక్క మిగిలింది. వైవాలో ప్రతి పిల్లకీ పిల్లాడికీ వాళ్ళ లెక్కలోంచి ఒక్క నంబరు మార్చి ఇవ్వండి. డీలరు మార్జిన్ ఇంకో పది శాతం అడిగాడు, లేదా పీసులు సగమే పోతాయి, లేదా డబ్బు నాలుగు నెలలకు వస్తుంది. కాగితం, పెన్సిల్ ఇచ్చి ఇప్పుడు వస్తువులో ఏం మారుస్తావో గీయమనండి. మాటలు వద్దు. రేటు పెంచుతాను, ఇన్‌స్టాగ్రామ్‌లో ఇంకా ప్రచారం చేస్తాను అన్నవాళ్ళకి సున్నా వేయక్కర్లేదు కానీ పూర్తి మార్కులు మాత్రం వేయకండి.

స్కెచ్‌బుక్:

సిలబస్ కాగితం మళ్ళీ రాస్తున్నాను. మొదట కూలర్ విప్పడం, తర్వాత బజారు, తర్వాత వెనక్కి లెక్క, ఆ పైన మూడు డ్రాయింగులు, కాన్వాస్ సగంలో ఒకసారి. వైవా పద్ధతికి డిపార్ట్‌మెంట్‌లో ఒప్పుకుంటారో లేదో, అడుగుతాను, ఎక్స్‌టర్నల్స్‌కి రెండరింగులు కావాలి మరి. బాలానగర్ గారూ, మీ షెడ్డుకి ఒక బ్యాచ్‌ని తీసుకురావచ్చా?

బాలానగర్_డై:

తీసుకురండి సార్. ఒక్కసారి పదిమంది కంటే వద్దు, మెషిన్ల మధ్య చోటుండదు. చెప్పులతో రానియ్యను, అందరికీ బూట్లుండాలి. వచ్చేటప్పుడు ఒక్కొక్కరు ఇంట్లో విరిగిపోయిన ప్లాస్టిక్ వస్తువు ఒకటి తెమ్మనండి, అది ఎక్కడ విరిగింది, అక్కడ ఎన్ని పైసల దానా మిగుల్చుకున్నారు, చూపిస్తా.